కొసరుకే సగం బిల్లు

ఒడిశాలోని బరంపురం బడాబజారులో కూరగాయలు కొంటే చివర్లో సంచిలోకి ఓ రెబ్బ కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు వచ్చి పడతాయి. దాన్నే కొసరు అంటాం. అడిగి మరీ వేయించుకుంటాం, దానికి డబ్బులు మాత్రం ఇవ్వం. అదే ఊళ్ళో అద్దాల తలుపు తోసుకుని, ఏసీ వేసిన బ్రాండ్ పిజ్జా దుకాణంలోకి వెళ్తే అక్కడా కొసరు ఉంటుంది. కాకపోతే అక్కడ మనం అడగం, వాళ్ళే అడుగుతారు. కోక్ కలపమంటారా, నంజుకోవడానికి ఒక డిప్ తీసుకుంటారా, ఇంకో నలభై కడితే పెద్ద సైజు వస్తుంది, అని ఒడియాలోనో హిందీలోనో కౌంటర్లో పిల్లాడు వినయంగా అడుగుతూ పోతాడు. మనం తల ఊపుతూ పోతాం. చివర్లో బిల్లు చూస్తే అసలు సరుకుతో పోటీపడుతూ కొసరు కూర్చుని ఉంటుంది.

చైన్ రెస్టారెంట్లో తినడం డబ్బుకీ ఒంటికీ గిట్టుబాటా అన్న వాదన గంజాం జిల్లా తెలుగు ఇళ్ళలో కొత్తదేం కాదు. పెద్దవాళ్ళ మాట ఒకటే: మైదాపిండి మీద ఇంత జున్ను రాసి నాలుగొందలు గుంజుతున్నారు. పిల్లల జవాబూ ఒకటే: నీ పూరీలో మాత్రం నూనె లేదా? ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఇద్దరూ చేసే పొరపాటు కూడా ఒకటే. దుకాణాన్ని మొత్తంగా మంచిదో చెడ్డదో తేల్చెయ్యాలని చూస్తారు. బిల్లును వరుసగా పైనుంచి కిందికి చదివితే కథ వేరుగా ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ధరలు ఊరినిబట్టి, ఆఫర్నిబట్టి మారుతుంటాయి కాబట్టి గుండ్రటి అంకెలు తీసుకుందాం. గాంధీనగర్ నుంచి నలుగురున్న ఓ కుటుంబం ఆదివారం సాయంత్రం వెళ్ళిందనుకోండి. నాలుగేసి వందల మీడియం పిజ్జాలు రెండు, 800. గార్లిక్ బ్రెడ్ ఒకటి, 120. డిప్పులు రెండు, 60. కూల్‌డ్రింకులు నాలుగు, 240. ఆఖర్న పిల్లలు వేలు చూపించిన చాక్లెట్ కేకులు రెండు, 220. మొత్తం 1,440 రూపాయలు. దాని మీద 5 శాతం జీఎస్టీ 72 కలిపితే 1,512. మనిషికి 378 పడింది.

ఇందులో వాళ్ళు ఏం తిందామని ఇంట్లోంచి బయల్దేరారో ఆ పిజ్జాల ఖరీదు 800. మిగతా 640 దారిలో తగులుకున్నవి. అంటే పన్ను కలపకముందు బిల్లులో 44 శాతం.

ఇప్పుడు కేలరీలు. చీజు, కూరగాయలు, ఓ మాదిరిగా పనీరో చికెనో ఉన్న మీడియం పిజ్జా సుమారు 1,200 అనుకుంటే రెండింటికీ 2,400. నలుగురు పంచుకుంటే తలా 600. పక్కవాటి సంగతి చూడండి. గార్లిక్ బ్రెడ్ 400 దాకా, డిప్పులు రెండూ కలిపి 200, కూల్‌డ్రింకులు నాలుగూ కలిపి 700, కేకులు రెండూ కలిపి 600. ఇవన్నీ 1,900. మొత్తం 4,300లో ఇదీ 44 శాతమే. రూపాయిల్లోనూ కేలరీల్లోనూ ఒకే శాతం రావడం ఈ ఉదాహరణలో కాకతాళీయమే కావచ్చు. ధరలు కాస్త జరిపితే ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ అవుతాయి. కానీ జేబులోంచి డబ్బు ఎక్కడ కారుతోందో నడుము చుట్టుకొలత కూడా అక్కడే పెరుగుతోందన్న సంగతి మారదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2,110 కేలరీలు, 55 కిలోల ఆడమనిషికి 1,660 చాలు. పై బిల్లులో మనిషి వాటా 1,075. ఇంటి ఇల్లాలికి అది రోజు మొత్తం తిండిలో దాదాపు మూడింట రెండు వంతులు. పొద్దున్నా మధ్యాహ్నం తిన్నది దీనికి అదనం. పిజ్జాతోనే ఆగి ఉంటే మనిషికి 600. మామూలు రాత్రి భోజనం కంటే అదేం మరీ ఎక్కువ కాదు. పెద్దవాళ్ళు పిజ్జాని తిట్టడంలో న్యాయం లేదనిపించేది ఇక్కడే. దోషి పక్కన స్ట్రా వేసుకుని కూర్చుంటే శిక్ష పిజ్జాకి పడుతోంది.

నడిచి కరిగించుకుందాం అనుకునేవాళ్ళకి ఇంకో లెక్క. బరంపురం నుంచి గోపాల్‌పూర్ సముద్రం దాదాపు 16 కిలోమీటర్లు. 60 కిలోల మనిషి మామూలు నడకన అక్కడిదాకా వెళ్తే మూడు గంటల పైన పడుతుంది, సుమారు 800 కేలరీలు ఖర్చవుతాయి. అంత దూరం నడిచి సముద్రం ఒడ్డున నిలబడినా, ఆ సాయంత్రం తిన్నదాంట్లో ఇంకా పావువంతు ఒంట్లోనే ఉంటుంది. ఒడ్డున మిరపకాయ బజ్జీలు వేస్తుంటారు, ఆ లెక్క వద్దు.

దుకాణం కొసరునే ఎందుకు అంతగా అంటగడుతుంది? వాళ్ళకి ఖర్చయ్యేది ఎక్కడో చూస్తే తెలుస్తుంది. చీజు ఖరీదు, చికెన్ ఖరీదు, పనీరు ఖరీదు. కూల్‌డ్రింకంటే నీళ్ళు, పంచదార, గ్యాసు. ఫ్రెంచ్ ఫ్రైస్ అంటే బంగాళదుంప, నూనె. గార్లిక్ బ్రెడ్ అంటే మళ్ళీ మైదాయే. బోర్డు మీద పెద్ద అక్షరాలతో తక్కువ ధరకి చూపించే పిజ్జా, బర్గర్ మనల్ని లోపలికి రప్పించడానికి. లాభం పిండుకునేది లోపలికి వచ్చాక. ఇందులో మోసమేమీ లేదు, వ్యాపారం. బట్టల కొట్లో చీర బేరమాడి తగ్గించి, ఫాల్సూ జాకెట్టు ముక్కా దగ్గర రాబట్టుకోవడం పట్టుచీరల ఊరివాళ్ళకి ఎవరో చెప్పక్కర్లేదు.

కూల్‌డ్రింక్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మొత్తం భోజనంలో అన్నిటికంటే చెడ్డ బేరం అదే. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు పదిన్నర గ్రాముల పైచిలుకు పంచదార ఉంటుంది. 400 మిల్లీలీటర్ల గ్లాసులో 42 గ్రాములు, అంటే ఇంట్లో టీలో వేసుకునే చెంచాతో పది చెంచాలు. కాఫీలో ఎవరైనా పది చెంచాలు వేస్తే గ్లాసు పక్కన పెట్టేస్తాం. చల్లగా, పుల్లగా, నురగలతో వస్తే తెలియదు. పోషకాహార సంస్థ సలహా ప్రకారం రోజు మొత్తానికి కలుపుకునే పంచదార 25 గ్రాములు దాటకూడదు. పైగా తాగిన కేలరీలకు కడుపు నిండిన భావన రాదు, పిజ్జా ముక్క ఒక్కటీ తగ్గదు. గ్లాసు నిండా ఐసు వేస్తారు కదా, పంచదార అంత ఉండదు అని ఎవరైనా అనొచ్చు. నిజమే, అప్పుడు నష్టం ఒంటికి తగ్గి డబ్బుకి పెరుగుతుంది.

ఇదే సూత్రాన్ని తిరగేస్తే మంచి బేరం ఎక్కడుందో కనబడుతుంది. ఖరీదైన పదార్థం దేంట్లో ఎక్కువుందో అది కొనుక్కోవాలి. వేయించిన చికెన్ అమ్మేచోట ఒక ముక్క, ఫ్రైస్, కూల్‌డ్రింక్ ఉన్న కాంబో కంటే ఉత్త రెండు ముక్కలు నయం. కేలరీలు 500 ప్రాంతంలోనే ఉంటాయి. మగవాడికి రోజుకు కావలసిన 54 గ్రాముల ప్రోటీన్‌లో సగానికి తక్కువ రాదు. రాత్రికి మళ్ళీ ఆకలి వెయ్యదు. వేయించింది కదా అంటే వేయించిందే. కాంబోలోదీ వేయించిందే, పైగా దుంపలు కూడా.

సైజుల దగ్గర కూడా చిన్న కిటుకు ఉంది. ఏడు అంగుళాల పిజ్జాకీ పది అంగుళాల పిజ్జాకీ తేడా మూడు అంగుళాలే కదా అనిపిస్తుంది. గుండ్రటి వస్తువు వైశాల్యం వ్యాసం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. ఏడేళ్ళు 49, పదిపదులు 100. అంటే పెద్దది చిన్నదానికి రెట్టింపు. చిన్నది 200, పెద్దది 380 ఉంటే పెద్దదే చవక. మనిషికో చిన్న పిజ్జా తీసుకునే నలుగురు, రెండు మీడియంలు పంచుకునే నలుగురూ తినేది దాదాపు ఒకే తిండి. ఎక్కువ కట్టేది మొదటివాళ్ళే, ఎక్కువ అంచు రొట్టె నమిలేదీ వాళ్ళే. అలాగని ఇద్దరే ఉన్నప్పుడు చవక కదా అని పెద్దది తీసుకుంటే, చవకైన పిజ్జా మిగిలిపోకూడదని కడుపులోకి పోతుంది. పారెయ్యడం మన ఇళ్ళలో పాపం.

చైన్ దుకాణాలకు న్యాయం చెయ్యాల్సిన విషయం ఒకటుంది. దేశంలో పది లేదా అంతకు మించిన చోట్ల శాఖలున్న, లేదా సెంట్రల్ లైసెన్సు ఉన్న హోటళ్ళు మెనూలో ప్రతి పదార్థం పక్కనా ఎన్ని కేలరీలో, అది ఎంత పరిమాణానికో రాసితీరాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నిబంధన తెచ్చింది. 2022లో అది అమలుకొచ్చింది. అందుకే బోర్డు మీద ధర పక్కన చిన్న అక్షరాల్లో ఆ అంకె కనిపిస్తుంది. కళ్ళజోడు పెట్టుకుంటేనే కనిపిస్తుందనుకోండి. గిరిరోడ్డులో పూరీలు వేసే హోటలుకి శాఖలు లేవు కాబట్టి ఆ బాధ్యత లేదు. దాంతో విచిత్రమైన అన్యాయం జరుగుతోంది. అంకె రాసినవాడు దోషిలా కనిపిస్తాడు, రాయనివాడు ఇంటి తిండి పెట్టేవాడిలా కనిపిస్తాడు.

నిజానికి పూరీ ఒక్కోటి 100 కేలరీల పైమాటే. నాలుగు పూరీలు, బంగాళదుంప కూర కలిస్తే 550 నుంచి 600. అంటే పైన చెప్పిన పిజ్జాలో మనిషి వాటా ఎంతో అంత. హోటల్ చికెన్ బిర్యానీ ప్లేటు చాలాసార్లు 700 దాటుతుంది. ఉప్పు సంగతి ఇంకా ఇబ్బందికరం. పిజ్జాలో ఉప్పు ఎక్కువన్నది నిజమే కానీ, ఊరగాయలకీ అప్పడాలకీ పేరుమోసిన బరంపురంలో కూర్చుని ఆ మాట అనడానికి కాస్త మొహమాటం ఉండాలి.

నూనె విషయంలో కూడా అంతే. ఒకే నూనెను మళ్ళీ మళ్ళీ కాచి వాడితే అందులో నూనె చెడి పుట్టే పోలార్ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి రూలు ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే చోట్ల రికార్డు రాయాలి. పెద్ద కంపెనీ వంటగదిలో ఈ పరీక్షకు ఓ పద్ధతి, ఓ మనిషి, పోతుందేమోనని భయపడే పరువు ఉంటాయి. వీధి బండి మీద నల్లబడ్డ మూకుడులో సాయంత్రం ఆలూ చాప్ వేసేవాణ్ణి ఎవరు అడుగుతారు? అందుకని బండి మీద తినడం మానెయ్యమని కాదు. మూకుడులో నూనె రంగు చూడ్డానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు.

ఇక్కడి టిఫిన్ల గొప్ప మాత్రం వేరు. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇడ్లీ, ఉప్మా ఇక్కడ తెలుగువాళ్ళ ఇంటి తిండిగా మిగిలిపోలేదు, ఒడియావాళ్ళూ పొద్దున్నే తింటారు. రెండు ఇడ్లీలు, ఒక గారె, చట్నీ, సాంబారు కలిపితే 400 కేలరీలు అటూ ఇటూ. ఒక కూల్‌డ్రింకు డబ్బుల్లోనో, ఇంకొంచెం వేస్తేనో వచ్చేస్తుంది. ఈ ధరకీ ఈ పోషణకీ ఏ చైనూ పోటీ రాలేదు. పోటీ రావాలని అది ప్రయత్నించడమూ లేదు.

ఎందుకంటే అది అమ్మేది తిండి ఒక్కటే కాదు. బిల్లులో కట్టే డబ్బు మెయిన్ రోడ్డు మీద అద్దెకి, ఏసీ కరెంటుకి, ప్రకటనలకి, బ్రాండు సొంతదారుకి వెళ్ళే రాయల్టీకి పోతుంది. బదులుగా మనకు ఒక టేబులు దొరుకుతుంది. మే నెల ఎండలో రెండు గంటలు కూర్చున్నా లెమ్మనేవాడు ఉండడు. హోటల్లో ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే వెనక ఒకడు కుర్చీ పట్టుకుని నిలబడతాడు. మెడికల్ కాలేజీ పిల్లలు నలుగురు ఒక్క పిజ్జా మధ్యలో పెట్టుకుని సాయంత్రమంతా గడుపుతున్నారంటే వాళ్ళు కొన్నది ఆ టేబులు. మోకాళ్ళ నొప్పుల పెద్దావిడకి శుభ్రమైన బాత్రూం విలువ తెలుసు. హైవే మీద ఇచ్ఛాపురం వైపు ప్రయాణంలో ఉన్న ఆడవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

సరిహద్దు ఊళ్ళలో ఇంకో సౌకర్యం కూడా కలుస్తుంది. పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి పని మీద వచ్చిన తెలుగావిడకి ఒడియా అంతంత మాత్రమే వస్తే, బొమ్మలున్న మెనూ మీద వేలు పెడితే చాలు. పచ్చ గుర్తు చూసుకుని శాకాహారం తీసుకోవచ్చు. అయితే లక్ష్మివారం నాడు ఆ పచ్చగుర్తుకు బలం చాలదు. మార్గశిర లక్ష్మివారాలు ఇక్కడ తెలుగువాళ్ళకీ ఒడియావాళ్ళకీ పట్టింపే. ఒకే కప్పు కింద చికెన్ కూడా వండుతారంటే ఆ రోజు గడప దాటి లోపలికి రాని ఇళ్ళు చాలా ఉన్నాయి. కార్తీకం సంగతి సరేసరి, ఆ నెలంతా డబ్బూ కేలరీలూ రెండూ వాటంతట అవే ఆదా.

పన్ను గురించి రెండు ముక్కలు. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లకి, ఏసీ ఉన్నా లేకున్నా, జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు ఏసీ ఉంటే 18. టర్నోవరు మీద ఒకే చిన్న రేటున పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న హోటలు కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చెయ్యకూడదు, కాబట్టి అక్కడ బిల్లులో ఆ వరుస కనిపిస్తే అడగొచ్చు. సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. కౌంటర్లో ట్రే అందుకునే చోట ఇది సాధారణంగా ఉండదు. కూర్చోబెట్టి వడ్డించే చోట చూసుకోవాలి.

కూర్చోబెట్టి వడ్డించే చోట అనగానే బఫే గుర్తొస్తుంది. భువనేశ్వర్‌కో విశాఖకో వెళ్ళినప్పుడు మనిషికింత అని కట్టి తిన్నంత తినే చైన్లకు వెళ్ళడం మధ్యతరగతికి ఓ పండగ. ఇక్కడ పై సూత్రం తలకిందులవుతుంది. కొసరుకి విడిగా ధర లేదు, అన్నీ కొసరే. డబ్బు ముందే కట్టేశాం కాబట్టి మూడో ప్లేటు ఉచితం అనిపిస్తుంది. మధ్యాహ్నం తినకుండా కడుపు ఖాళీగా పెట్టుకుని వెళ్ళే తెలివైనవాళ్ళూ ఉన్నారు. మొదట టేబులు మీదికి వచ్చేవి సాధారణంగా దుంపలు, మొక్కజొన్న, బ్రెడ్డు. వాటితో కడుపు నింపుకుంటే, కట్టిన డబ్బుకి తగిన చికెనూ చేపా వచ్చేసరికి చోటుండదు. చోటు చేసుకుని తింటే డబ్బు గిట్టుబాటు అవుతుంది, ఒంటికి అవ్వదు. రెండూ ఒకేసారి గిట్టుబాటయ్యే బఫే ఉండదు. ఏడాదికొక్కసారి పుట్టినరోజుకి వెళ్తే ఈ లెక్కలు వెయ్యడం కూడా అనవసరం.

అన్నిటికంటే తక్కువగా ఆలోచించేది ఇంటికి తెప్పించుకోవడం గురించి. ఫోన్లో ఆర్డరు పెడితే ఏసీ గది లేదు, టేబులు లేదు, బాత్రూం లేదు. ఆ అద్దె కలిసిన ధర మాత్రం తగ్గదు. చాలాసార్లు యాప్‌లో ధర దుకాణంలో కంటే ఎక్కువే ఉంటుంది. పైన ప్యాకింగు, డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజు అని మూడు వరుసలు. ఇంత డబ్బాలో మూతపెట్టి తెచ్చేసరికి ఫ్రైస్ ఆవిరికి మెత్తబడి ఉప్పేసిన ఉడకబెట్టిన దుంపల్లా తయారవుతాయి. ఇంకో రకం కొసరు కూడా ఇక్కడే ఉంది. ఇంకో 70 రూపాయలకి ఆర్డరిస్తే డెలివరీ ఫ్రీ అని తెర మీద పచ్చటి గీత కనిపిస్తుంది. 30 రూపాయలు మిగలడానికి 70 రూపాయల కేకు కలుపుతాం. కేకుతో పాటు 300 కేలరీలు ఉచితం.

మరి ఆ కూల్‌డ్రింకు? డెలివరీ కుర్రాడు బండి మలుపు తిప్పే వీధి చివరన కిరాణా కొట్టు ఉంటుంది. అదే కంపెనీ సీసా అక్కడ ఎమ్మార్పీకే, ఫ్రిజ్‌లోంచి చెమటలు కక్కుతూ వస్తుంది. పక్కనే బుట్టలో నిమ్మకాయలు కూడా ఉంటాయి.